నెడ్ కెల్లీ

నెడ్ కెల్లీ (మరణం: 1880 నవంబరు 11) ఆస్ట్రేలియాకు చెందిన ప్రసిద్ధ బందిపోటు. పూర్తి పేరు ఎడ్వర్డ్ కెల్లీ. అడవులలో దాగి దోపిడీలు చేసే ఇటువంటి వారిని ఆ దేశంలో బుష్‌రేంజర్లు అంటారు. ముగ్గురు పోలీసుల మరణానికి కారకుడైన ఇతనిని కొందరు హంతకునిగాను, మరికొందరు అన్యాయాన్ని ఎదిరించిన వీరునిగాను భావిస్తారు. ఇతని ఇనుప శిరస్త్రాణాన్ని నేటికీ అభిమానులు పచ్చబొట్టుగా పొడిపించుకుంటారు.

బాల్యం

కెల్లీ 1854-55 ప్రాంతంలో, అప్పటి బ్రిటిషు వలస అయిన విక్టోరియాలోని బెవరిడ్జ్ గ్రామంలో జన్మించాడు. తండ్రి జాన్ కెల్లీ ఐర్లండులో పందుల దొంగతనం నేరంపై ద్వీపాంతర శిక్ష పొంది వచ్చినవాడు. తల్లి ఎలెన్. అవెనెల్ గ్రామంలో ఉండగా, వాగులో మునిగిపోతున్న రిచర్డ్ షెల్టన్ అనే బాలుని కెల్లీ కాపాడాడు. ఆ బాలుని కుటుంబం కృతజ్ఞతగా అతనికి ఆకుపచ్చని పట్టు నడికట్టును బహూకరించింది. 1866లో తండ్రి మరణించడంతో కుటుంబం గ్రెటా ప్రాంతానికి తరలిపోయింది. అక్కడ పేద రైతులకు, పెద్ద భూస్వాములకు నడుమ వైరం ఉండేది. దొంగిలించిన గుర్రం కేసులో కెల్లీ 1871 నుండి 1874 వరకు జైలులో గడిపాడు.

నేర జీవితం

1878 ఏప్రిల్‌లో తమ్ముడు డాన్‌ను అరెస్టు చేయడానికి ఫిట్జ్‌పాట్రిక్ అనే కానిస్టేబులు వారి ఇంటికి వెళ్ళాడు. నెడ్ తనపై కాల్పులు జరిపాడని అతడు ఆరోపించాడు. కెల్లీ కుటుంబం దీనిని ఖండించింది. ఈ కేసులో తల్లి ఎలెన్‌కు మూడేళ్ళ జైలు శిక్ష పడింది. ఫిట్జ్‌పాట్రిక్ 1880లో ఉద్యోగం నుండి తొలగింపబడ్డాడు.

కెల్లీ తమ్ముడు డాన్, జో బైర్న్, స్టీవ్ హార్ట్‌లతో అడవిలోకి వెళ్ళాడు. 1878 అక్టోబరు 26న స్ట్రింగీబార్క్ క్రీక్ వద్ద, తమను వెదుకుతూ వచ్చిన పోలీసులపై ఈ ముఠా దాడి చేసింది. కెనడీ, లోనిగన్, స్కాన్లన్ అనే ముగ్గురు పోలీసులు మరణించారు. దీనితో ముఠాకు చట్ట రక్షణ లేకుండా చేస్తూ ప్రత్యేక శాసనం వచ్చింది. వారిని ఎవరు కాల్చి చంపినా నేరం కాదు.

ముఠా 1878 డిసెంబరులో యురోవాలోను, 1879 ఫిబ్రవరిలో జెరిల్‌డెరీలోను బ్యాంకులను దోచింది. కెల్లీ తన కుటుంబానికి, పేద ఐరిష్ వారికి జరిగిన అన్యాయాలను వివరిస్తూ 56 పుటల లేఖను జెరిల్‌డెరీలో అచ్చు వేయించదలచాడు. ఆ కోరిక అతని జీవితకాలంలో నెరవేరలేదు. ముఠా తలపై బహుమతి 8,000 పౌండ్లకు పెరిగింది.

గ్లెన్‌రోవాన్ పోరాటం, మరణం

1880 జూన్‌లో గ్లెన్‌రోవాన్ వద్ద రైలు పట్టాలు పీకించి, పోలీసుల ప్రత్యేక రైలును పడగొట్టాలని కెల్లీ పథకం వేశాడు. స్థానికులను ఒక సత్రంలో బంధించాడు. వారిలో నుండి విడుదలైన థామస్ కర్నో అనే బడిపంతులు ప్రాణాలకు తెగించి, కొవ్వొత్తి వెలుగులో ఎర్రని గుడ్డ చూపి రైలును ఆపాడు. జూన్ 28 తెల్లవారుజామున కెల్లీ నాగళ్ళ పలకలతో చేయించిన సుమారు 44 కిలోల కవచం ధరించి పోలీసుల ఎదుటికి నడిచాడు. కాళ్ళకు కవచం లేనందున అక్కడ తూటాలు తగిలి పడిపోయాడు. చిన్ననాటి ఆకుపచ్చ నడికట్టు అప్పుడు అతని ఒంటిపై ఉన్నది. మిగిలిన ముగ్గురూ సత్రంలోనే మరణించారు. బందీలలో ఒక బాలునితో సహా కొందరు ప్రాణాలు కోల్పోయారు.

న్యాయమూర్తి రెడ్మండ్ బారీ కెల్లీకి మరణశిక్ష విధించాడు. శిక్ష తగ్గించాలన్న వినతిపత్రంపై 30,000 మందికి పైగా సంతకాలు చేసినా ఫలితం లేకపోయింది. మెల్‌బోర్న్ జైలులో ఉరి తీసే నాటికి అతని వయస్సు సుమారు 25 ఏళ్ళు. 1881లో విచారణ సంఘం విక్టోరియా పోలీసు శాఖలోని లోపాలను ఎత్తిచూపింది.

పచ్చబొట్లు, జ్ఞాపకాలు

కెల్లీ కథపై 1906లో వచ్చిన చలనచిత్రం ప్రపంచంలోని తొలి పూర్తి నిడివి కథాచిత్రంగా గుర్తింపు పొందింది. సిడ్నీ నోలన్ 1946-47లో గీసిన చిత్రాల వలన నల్లని చతురస్రాకార శిరస్త్రాణం సుపరిచితమైన చిహ్నమయింది. అభిమానులు ఆ శిరస్త్రాణాన్ని, గడ్డంతో ఉన్న అతని ముఖాన్ని, అతని చివరి మాటలుగా ప్రచారంలో ఉన్న చిన్న వాక్యాన్ని ఒంటిపై పొడిపించుకుంటారు. ఆ మాటలు అతడు నిజంగా అన్నాడా అన్నది వివాదాస్పదం.

అడిలైడ్‌కు చెందిన వైద్య పరిశోధకుడు రోజర్ బయార్డ్ 2011లో, ఈ పచ్చబొట్లు ఉన్న మృతులపై ఒక అధ్యయనం ప్రచురించాడు. వారిలో హత్య, ఆత్మహత్యల వలన మరణించినవారి పాలు సాధారణ జనంలో కంటే ఎక్కువగా ఉన్నదని తేల్చాడు. అయితే పరిశీలించిన మృతదేహాలు కొద్ది మాత్రమే. పచ్చబొట్టే మరణానికి కారణమని దీనికి అర్థం కాదు.

కెల్లీ అస్థికలను 2011లో డి.ఎన్.ఎ. పరీక్షతో గుర్తించి, 2013 జనవరిలో గ్రెటాలో తల్లి సమాధి ఉన్న శ్మశానంలోనే ఖననం చేశారు. అతని కవచం మెల్‌బోర్న్‌లోని రాష్ట్ర గ్రంథాలయంలో ఉన్నది. అతని చేతిలో మరణించిన ముగ్గురు పోలీసుల స్మారక స్తంభం మాన్స్‌ఫీల్డ్ పట్టణం నడిబొడ్డున ఉన్నది.