పౌలు పేరుతో దొంగ ఉత్తరం

డేరాలు కుట్టి బతికిన పౌలు కష్టం మన పెద్దాపురం చేనేత కుటుంబాలకు బాగా తెలిసిందే. రాత్రింబగళ్లు పనిచేస్తూనే ఆయన థెస్సలొనీకలో సువార్త ప్రకటించాడు. క్రీ.శ. 51 ప్రాంతంలో, ఆయన కొరింథులో ఉండగా అక్కడి సంఘంలో కలవరం రేగింది. ప్రభువు దినం వచ్చేసిందట! పౌలే అలా రాశాడని చెప్పే ఉత్తరం తిరుగుతోందన్న అనుమానం. అప్పటికే కొందరు పని మానేసి పరుల జోలికి పోతున్నారు.

పౌలు రెండో పత్రిక పంపాడు. అందులో దొంగ రాతగాడి పేరు ఎత్తలేదు. మామూలుగా ఆయన చెబుతుంటే వేరొకరు రాసేవారు. రోమా పత్రిక రాసింది తెర్తియు. ఈసారి చివరి వందనం తానే స్వహస్తంతో రాసి, తన ప్రతి పత్రికకూ అదే గుర్తని తెలిపాడు. దస్తావేజు మీద వేలిముద్ర లాంటిదన్నమాట. తర్వాత కొరింథీయులకు రాస్తూ, నదుల వల్ల, దొంగల వల్ల కలిగిన ఆపదల సరసనే కపట సహోదరుల ఆపదనూ లెక్కపెట్టాడు.