మూగతెరకు మాట నేర్పిన మనవారు: హెచ్.ఎం. రెడ్డి గారు

ఉగాది నాడు పెద్దలను తలచుకొనుట మన ఆచారము. ఈ సంచికలో మనవలెనే ఆంధ్రదేశమునకు వెలుపల పుట్టి పెరిగిన ఒకరిని తలచుకొందుము. మొదటి తెలుగు టాకీకి దర్శకులైన హనుమప్ప మునియప్ప రెడ్డి గారు 1892లో బెంగుళూరున జన్మించినారు. అక్కడనే చదివి, అక్కడనే పోలీసు ఉద్యోగము చేసినారు.

నెలజీతము, నలుగురిలో హోదా ఉన్న ఆ కొలువు విడిచి ఆయన బొంబాయి చేరి సినిమా స్టూడియోలో కుదిరినారు. అప్పటివారి దృష్టిలో సినిమా గౌరవమైన వృత్తి కాదు. ఆ సాహసము ఎంతటిదో మనము ఊహింపగలము.

అవి మూగచిత్రముల రోజులు. చాలవరకు ఎండయే దీపము. తళతళలాడు పలకలు పట్టుకొని ఆ వెలుగును నటుల ముఖములపైకి మళ్ళింపవలెను. మబ్బు పట్టినచో పని ఆగవలసినదే. ధ్వనిని పట్టుట లేదు గనుక కెమెరా తిరుగుచుండగనే నటులకు కేకవేసి చెప్పవచ్చును. మాట అవసరమైనచోట తెరపై అక్షరములు చూపెడివారు. వీటన్నింటికి సహాయకులే చేదోడు. పేరు మాత్రము వారికి దక్కదు. ఆర్దేషిర్ ఇరానీ గారి ఇంపీరియల్ కంపెనీలో సహాయ దర్శకులుగా ఆ విద్య నేర్చిన రెడ్డి గారు 1930లో 'విజయ్ కుమార్' అను మూగచిత్రమునకు స్వయముగా దర్శకులైరి.

మూగచిత్రమునకు తెలుగైననేమి, మరాఠీ అయిననేమి? కాని 1931 మార్చి 14న ఇరానీ గారి 'ఆలం ఆరా' విడుదలై తెర మాటాడినది. దక్షిణాది భాషలలో చిత్రము తీయుటకు ఆ భాషలు ఎరిగిన దర్శకుడు కావలసివచ్చినాడు. ఇరానీ గారు ఆ పని రెడ్డి గారికి అప్పగించినారు. 1931 అక్టోబరు 31న మద్రాసులో విడుదలైన 'కాళిదాస్'లో టి.పి. రాజలక్ష్మి తమిళమున మాటాడగా నాయకుడు తెలుగున బదులిచ్చెడివాడు! పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'. సురభి కమలాబాయి లీలావతి, మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు. అది 1931 సెప్టెంబరులో వచ్చినదని చాలకాలము అనుకొనిరి. 1932 ఫిబ్రవరి 6న విడుదలైనదని తరువాతి పరిశోధనలో తేలినది.

1938లో రోహిణీ సంస్థ పక్షమున తీసిన 'గృహలక్ష్మి' ద్వారా చిత్తూరు నాగయ్య గారిని తెరకు తెచ్చినారు. ఆ సంస్థలో తోడుగానున్న బి.ఎన్. రెడ్డి గారు పిదప వాహినీని స్థాపించినారు. 1953 నాటి 'ప్రతిజ్ఞ' కాంతారావు, రాజనాల గారలకు బాట వేసినది. 1960 జనవరిలో రెడ్డి గారు కీర్తిశేషులైరి. 'కాళిదాస్', 'భక్త ప్రహ్లాద' ప్రతులు నేడు లభ్యము కావు.

పరాయి ఊరిలో పిల్లలకు తెలుగెందుకని మనలో కొందరు అడుగుచుందురు. బొంబాయి మూగచిత్రశాలలో ఏళ్ళ తరబడి రెడ్డి గారికి తెలుగుతో పని పడలేదు. పని పడిన నాడు ఆ భాష ఆయన నోట సిద్ధముగా ఉన్నది. ఈ ఉగాదికి మన ఇండ్లలో ఆ మాట తలచుకొందుము గాక.