గుండు వేగం కొలిచిన మనిషి

ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్లం అందరం ఈ లెక్క చేసే ఉంటాం. తాడుకి ఒక చెక్క దిమ్మ వేలాడుతుంటుంది. ఒక బుల్లెట్ వచ్చి అందులో దిగబడుతుంది. దిమ్మ ఊగి కొంత ఎత్తుకి లేస్తుంది. బుల్లెట్ వేగం ఎంత? ముందు మొమెంటమ్, తర్వాత ఎనర్జీ, నిమిషంన్నరలో ఆన్సర్. కోచింగ్‌లో మనకి నేర్పింది అంతే. నిజంగా ఒక దిమ్మని వేలాడదీసి, దాని మీద తుపాకి పేల్చి, ఆ వేగాన్ని మొట్టమొదట నమ్మకంగా లెక్కగట్టిన మనిషి ఒకడున్నాడని నేను చదివిన ఏ మెటీరియల్‌లోనూ లేదు.

ఆయన పేరు బెంజమిన్ రాబిన్స్. ఇంగ్లండ్‌లో పుట్టాడు. చనిపోయింది మాత్రం ఇక్కడ, మద్రాసుకి దక్షిణంగా కడలూరు దగ్గరున్న సెయింట్ డేవిడ్ కోటలో.

ఈయన నాకు పరిచయమైంది వేరే దారిలో. రైఫిల్ పోటీల్లో దూరపు గురి కొట్టేవాళ్లలో చాలామంది, ముఖ్యంగా అమెరికాలో, కొట్టులో దొరికే తూటాలు వాడరు. సొంతంగా తయారుచేసుకుంటారు. ఇత్తడి కేసు, ప్రైమర్, పౌడర్, బుల్లెట్ విడివిడిగా కొని, పౌడర్‌ని చిన్న త్రాసులో తూచి, ఒక్కో తూటా చేత్తో కడతారు. తర్వాత ఐదో పదో పేల్చి, ఒక్కోదాని వేగం యంత్రంతో కొలుస్తారు. ఎంత స్పీడుగా పోయిందన్నది అంత ముఖ్యం కాదు. అన్నీ ఒకే స్పీడుతో పోయాయా లేదా అన్నదే ముఖ్యం. నెమ్మదిగా పోయిన బుల్లెట్ దారిలో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి ఎక్కువ కిందికి జారుతుంది. అందుకే వేగంలో తేడా ఉంటే దూరంలో ఒకటి పైన, ఒకటి కింద తగులుతాయి. పౌడర్ కొంచెం మార్చడం, మళ్లీ కొలవడం, మళ్లీ మార్చడం. మన భాషలో చెప్పాలంటే ఇది డీబగ్గింగే. ఈ అలవాటు ఎక్కడ మొదలైందని వెనక్కి వెతుక్కుంటూ పోతే రాబిన్స్ దగ్గర ఆగుతాం.

రాబిన్స్ 1707లో బాత్ అనే ఊళ్లో క్వేకర్ల ఇంట్లో పుట్టాడు. క్వేకర్లు క్రైస్తవుల్లో ఒక శాఖ. ఆయుధం పట్టకూడదు, యుద్ధం చేయకూడదు అన్నది వాళ్ల పట్టుదల. అలాంటి ఇంట్లోంచి వచ్చినవాడు తుపాకుల శాస్త్రానికి తండ్రి అయ్యాడంటే విచిత్రంగా ఉంటుంది. పెద్దయ్యాక ఆయన ఆ మతపు కట్టుబాట్లకి దూరమైపోయాడు.

లెక్కలు చాలావరకు సొంతంగానే నేర్చుకున్నాడు. లండన్ వెళ్లి పిల్లలకి లెక్కలు చెబుతూ బతికాడు. 1727లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. అప్పటికి ఆయన వయసు 20. నాకిప్పుడు 19. ఈ ఒక్క వాక్యం రాసి కాసేపు ఆగాల్సి వచ్చింది.

1734లో బర్క్‌లీ అనే బిషప్పు న్యూటన్ కాలిక్యులస్‌కి పునాదే లేదని ఎగతాళి చేస్తూ ఒక పుస్తకం వేశాడు. మరుసటి ఏడాదే రాబిన్స్ న్యూటన్ పక్షాన జవాబు రాశాడు. 1739లో ఆయిలర్ రాసిన మెకానిక్స్ పుస్తకాన్ని కూడా గట్టిగా విమర్శించాడు. అవును, మన మ్యాథ్స్ పేపర్లలో ప్రతి యూనిట్‌లోనూ తగిలే ఆ ఆయిలరే. ఎంత పెద్దవాళ్లతోనైనా వాదానికి దిగే మనిషి అన్నమాట.

రాజకీయాల్లోనూ అంతే. అప్పటి ప్రధాని వాల్‌పోల్ మీద కరపత్రాలు రాశాడు. 1741లో వూలిచ్‌లో ప్రభుత్వం మిలిటరీ అకాడమీ పెట్టి, కోటల నిర్మాణం చెప్పే ప్రొఫెసర్ కోసం చూసింది. రాబిన్స్ ఆ ఉద్యోగం మీద ఆశపడి పాఠాలు కూడా సిద్ధం చేసుకున్నాడు. ఉద్యోగం జాన్ ముల్లర్ అనే ఇంకొకాయనకి వెళ్లింది. రాబిన్స్ రాజకీయ రాతలే దెబ్బకొట్టాయని చాలామంది అభిప్రాయం.

ఆయన ఆ పాఠాల్ని పారేయలేదు. వాటినే పెంచి 1742లో పుస్తకంగా వేశాడు. దాని పేరు న్యూ ప్రిన్సిపుల్స్ ఆఫ్ గన్నరీ. ఉద్యోగం వచ్చి ఉంటే ఆ పాఠాలు ఒక క్లాసుకే పరిమితమయ్యేవేమో. రాకపోవడంతో యూరప్ మొత్తానికీ చేరాయి.

ఆ పుస్తకం ఎందుకంత గొప్పదో తెలియాలంటే అంతకుముందు పరిస్థితి తెలియాలి. గెలీలియో చెప్పినట్టు, విసిరిన వస్తువు పారాబోలాలో పోతుందని అందరూ నమ్మేవాళ్లు. గాలి అడ్డు ఉంటుంది కానీ అంత చిన్న బరువైన గుండుకి అదో లెక్కా అనుకునేవాళ్లు. కాదని చూపించాలంటే గుండు వేగం తెలియాలి. కంటికి కనపడని దాని వేగం ఎలా కొలుస్తారు? సెకనులో వెయ్యో వంతు చూపించే గడియారం అప్పట్లో లేదు.

రాబిన్స్ చేసింది ఏమిటంటే, కొలవలేనంత వేగాన్ని కొలవగలిగినంత నెమ్మది చేయడం. దాదాపు 56 పౌండ్ల, అంటే 25 కిలోల పెండ్యులమ్ కట్టాడు. ముందువైపు మందపాటి చెక్క. గుండు చెక్కలో దిగబడితే దాని మొమెంటమ్ మొత్తం పెండ్యులమ్‌కి వస్తుంది. బరువు ఎక్కువ కాబట్టి అది తాపీగా ఊగుతుంది. కింద కట్టిన రిబ్బను ఎంత బయటికి లాగబడిందో చూస్తే ఊపు ఎంతో తెలుస్తుంది. ఖరీదైనది ఏదీ లేదు. చెక్క, ఇనుము, రిబ్బను. ఔన్సున్నర కూడా లేని సీసపు గుండుకి వచ్చిన జవాబు సెకనుకి 1,600 అడుగులకి పైనే.

ఆ వేగంతో 45 డిగ్రీల కోణంలో పేలిస్తే, గాలి లేకపోతే గుండు 25 కిలోమీటర్లు పోవాలి. కావాలంటే మీరే వేసి చూడండి. నిజంగా అందులో పదో వంతు కూడా పోదు. మిగతాదంతా గాలి తినేసింది. పెండ్యులమ్‌ని దగ్గర ఒకసారి, దూరంగా ఒకసారి పెట్టి, మధ్యలో ఎంత వేగం పోయిందో కూడా కొలిచాడు. గుండు ధ్వని వేగాన్ని దాటినప్పుడు గాలి అడ్డు మామూలుగా పెరగాల్సినదాని కన్నా ఎక్కువ పెరుగుతోందని గమనించాడు. సూపర్‌సోనిక్ అనే మాట పుట్టడానికి చాలా ముందు సంగతి ఇది.

తుపాకి మందునీ వదల్లేదు. మందు కాలాక వచ్చే వాయువు చల్లారితే, మందు పట్టిన చోటుకి దాదాపు 244 రెట్లు ఆక్రమిస్తుందని కొలిచాడు. కాలుతున్నప్పటి వేడిని కూడా కలిపితే పీడనం సుమారు వెయ్యి అట్మాస్ఫియర్లని లెక్కగట్టాడు. గొట్టం పొడవునా ఆ పీడనం చేసే పనిని కూడి, గుండు ఎంత వేగంతో బయటికి రావాలో ముందే చెప్పాడు. ఆ తర్వాత పెండ్యులమ్‌తో కొలిచి పక్కన పెట్టాడు. రెండూ దగ్గరగా వచ్చాయి. మందు రెట్టింపు చేసినంత మాత్రాన వేగం రెట్టింపు కాదు, ఒకటిన్నర రెట్లు కూడా కాదు అని ఆయన లెక్క చూపిస్తుంది. మందు తేమ పీలిస్తే బలం తగ్గుతుందని కూడా పరీక్షించి రాశాడు. ఇవాళ తూటాలు కట్టుకునేవాళ్లు పౌడర్ డబ్బా మూత బిగించి పెట్టుకునేది అందుకే.

నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రయోగం వేరే ఉంది. గుండు కిందికే కాదు, ఒక్కోసారి కుడికో ఎడమకో కూడా వంగుతుంది. ఎందుకు? అప్పటి తుపాకి గొట్టంలో గుండు వదులుగా ఉండేది. లోపల ఒక పక్కకి రాసుకుంటూ, గిరగిరా తిరుగుతూ బయటికొస్తుంది, ఆ తిరగడమే దాన్ని గాలిలో పక్కకి లాగుతుంది అని రాబిన్స్ అనుమానం. అనుమానంతో ఊరుకోలేదు. ఒక తుపాకి గొట్టం చివర ఎడమకి వంచేశాడు. దారిలో పల్చటి కాగితపు తెరలు కట్టాడు. గుండు ముందు ఎడమకే వెళ్లింది. కానీ తెరల మీద చిల్లులు వరసగా చూస్తే తర్వాత కుడికి తిరుగుతూ పోయింది! వంపు లోపల కుడి గోడకి రాసుకోవడం వల్ల వచ్చిన తిప్పుడు అది. స్పిన్నర్ వేసిన బంతి పిచ్ మీద పడకముందే గాలిలో పక్కకి జరగడం మనం చూస్తాం కదా, అదే. దీనికి ఇప్పుడు మాగ్నస్ ఎఫెక్ట్ అని పేరు. మాగ్నస్ ప్రయోగాలు 1850ల నాటివి. రాబిన్స్‌వి అంతకు వందేళ్ల ముందువి.

రోగం తెలిసింది కాబట్టి మందు కూడా చెప్పాడు. గుండు తిరగడం ఎలాగూ ఆగదు. అలాంటప్పుడు మనకి కావలసినట్టు తిప్పుదాం. గొట్టం లోపల మెలితిరిగిన గాడులు కోసి, గుండు పోయే దిశే ఇరుసుగా తిప్పితే పక్కకి లాగదు. రైఫిల్ అప్పటికే వేటగాళ్ల దగ్గర ఉంది. అది ఎందుకు సూటిగా కొడుతుందో విడమర్చి చెప్పింది మాత్రం 1747లో రాబిన్స్ చదివిన పేపరు. కోడిగుడ్డు ఆకారంలో బుల్లెట్లు వాడి చూడమన్నాడు. రైఫిల్ సంగతి ముందుగా గ్రహించిన దేశానిదే పైచేయి అవుతుందని కూడా హెచ్చరించాడు. సైన్యాలు అందరికీ రైఫిళ్లు, పొడుగాటి బుల్లెట్లు ఇవ్వడానికి ఇంకో వందేళ్లు పట్టింది.

ఇక్కడ ఆయిలర్ మళ్లీ వస్తాడు. ఆరేళ్ల కిందట తనని విమర్శించిన మనిషి పుస్తకాన్ని 1745లో ఆయనే జర్మన్‌లోకి అనువదించాడు. దానికి అసలు పుస్తకం కన్నా ఎన్నో రెట్లు పెద్ద వ్యాఖ్యానం కూడా జోడించాడు. స్పిన్ విషయంలో ఆయిలర్ ఒప్పుకోలేదు, గుండు సరిగ్గా గుండ్రంగా లేకపోవడమే కారణమన్నాడు. అందులో పొరబడింది ఆయిలరే. అయినా ఆ పుస్తకం విలువ గుర్తించి మోసినవాడూ ఆయనే. తర్వాత ఫ్రెంచిలోకి వెళ్లిన ఆ పుస్తకాన్ని కుర్ర ఆఫీసరుగా ఉన్న నెపోలియన్ నోట్సు రాసుకుంటూ చదివాడు.

1746లో రాబిన్స్‌కి రాయల్ సొసైటీ వారి కాప్లీ మెడల్ వచ్చింది. 1749లో ఈస్టిండియా కంపెనీ ఇంజనీర్ జనరల్‌గా రమ్మంది. 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసు పట్టుకున్నారు, సంధి తర్వాత 1749లో తిరిగి ఇచ్చారు. కోటలు బలంగా కట్టుకోవాలని కంపెనీకి అప్పుడు తెలిసొచ్చింది. రాబిన్స్ 1750లో ఇక్కడ దిగి, సెయింట్ డేవిడ్ కోటకీ మద్రాసుకీ ప్లాన్లు గీశాడు. మన ఎండ, మన జ్వరాలు ఆయనకి పడలేదు. 1751 జూలై 29న చనిపోయాడు. అప్పటికి వయసు 44.

ఈ చివరి భాగం దగ్గర నా మనసు ఒక పక్కకి మొగ్గదు. ఆ కోటలు మనల్ని కాపాడటానికి కట్టినవి కావు. మరో పదిహేనేళ్లకి కంపెనీ ఉత్తర సర్కారులు కూడా తీసుకుంది. ఆయన లెక్కలు ఎవరి మీద పేలాయో తలుచుకుంటే చెయ్యెత్తి దండం పెట్టలేను. అలాగని ఆ రిబ్బనునీ ఆ కాగితపు తెరల్నీ చూసి మెచ్చుకోకుండా కూడా ఉండలేను. కొలత మంచిదా చెడ్డదా అని అడగదు. ఆ ప్రశ్న వేసుకోవాల్సింది కొలిచే మనిషి. కంప్యూటర్ సైన్స్ వాళ్లం మనం ఇది మర్చిపోకూడదు. ఎనియాక్ అనే తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటర్‌ని అమెరికా సైన్యం కట్టించింది ఫిరంగి గుళ్ల టేబుళ్లు వేయడానికే. అంటే మన బ్రాంచి వంశవృక్షంలో కూడా రాబిన్స్ ఉన్నాడు.

ఆయన్నుంచి నేను తీసుకునేది ఒక్కటే. బాగుందనిపించిన లెక్కని కూడా పెండ్యులమ్‌కి కట్టి చూడాలి. అది నిలబడ్డాక, దాన్ని ఎవరి చేతికి ఇస్తున్నామో కూడా చూసుకోవాలి. మొదటిది రాబిన్స్ చేసి చూపించాడు. రెండోది మనకి వదిలేశాడు.