రెండుసార్లు మెట్రిక్ తప్పిన మహా వైద్య శాస్త్రజ్ఞుడు

సోమందేపల్లి: పదవ తరగతి ఫలితాలు వెలువడిన మరునాడు మన పల్లెల్లో రెండు రకాల ఇళ్లు కనబడతాయి. ఒక ఇంట మిఠాయి పంచుతారు. మరొక ఇంట తలుపు దగ్గరగా వేసి ఉంటుంది. తప్పిన కుర్రవాడు రెండు రోజులు ఎవరికీ ముఖం చూపక, మూడవనాడు హైవే మీద బెంగుళూరు బస్సు ఎక్కుతాడు. ఆడపిల్ల అయితే సంబంధాలు చూడడం ఆరంభిస్తారు. డాక్టరు కావాలన్న కోరిక అంతటితో సరి. అటువంటి ఇళ్లవారు తప్పక తెలుసుకోవలసినది డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో ఒక బీద కుటుంబంలో జన్మించారు. పదమూడేళ్ల వయసులో ఇల్లు విడిచి కాశీకి బయలుదేరారు. అక్కడ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడించాలని ఆయన ఉద్దేశం. పెద్దలు వెనుకకు తీసుకువచ్చి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. రాజమండ్రిలో చదువు సాగలేదు. ఆప్తుల మరణాలు, ఇంటి ఇబ్బందులు మనసును కుంగదీశాయి. మెట్రిక్యులేషన్ రెండు పర్యాయాలు తప్పారు. మద్రాసు హిందూ హైస్కూలులో చేరి మూడవ ప్రయత్నంలో గట్టెక్కారు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్ ముగించి మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించారు. ఖర్చుకు మిత్రులు, పిల్లనిచ్చిన మామ కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆదుకున్నారు.

అక్కడ కూడా దారి సాఫీగా లేదు. గాంధీజీ పిలుపు విని సుబ్బారావు ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్లేవారు. ఆంగ్లేయ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్‌కు అది గిట్టలేదు. రాత పరీక్షలు బాగా రాసినప్పటికీ ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులో ఉద్యోగం రాలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధిస్తూ కాలం గడిపారు.

ఆ రోజుల్లోనే కుటుంబంపై పిడుగు పడింది. స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి ఆయన సోదరులు ఇద్దరిని కొద్ది రోజుల తేడాతో పొట్టనబెట్టుకుంది. తిన్నది ఒంటబట్టక, రక్తం తగ్గి, మనిషి క్షీణించి పోయే రోగమది. అప్పటికి దానికి సరైన మందు లేదు. ఆ మందు సంగతి సుబ్బారావు మనసులో ఉండిపోయింది.

1920ల తొలినాళ్లలో కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ తోడ్పాటుతోను, మామగారు సమకూర్చిన డబ్బుతోను ఆయన అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధులు చదువుతూ, తిండి గడవడానికి ఆసుపత్రిలో రాత్రి పోర్టరుగా పనిచేశారు. రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తిన చేతులే పగలు ప్రయోగశాలలో పరీక్షనాళికలు పట్టాయి. ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే విధానాన్ని 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి. అనే పదార్థాలు వారి పరిశోధనల్లో వెలుగు చూశాయి. అయినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఉద్యోగం లభించలేదు.

1940లో లెడర్లీ అనే మందుల సంస్థలో చేరారు. 1945లో ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అది మందయింది. అయితే వారు పోయి అప్పటికే రెండు దశాబ్దాలు దాటింది. బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్, రక్త క్యాన్సరు సోకిన పిల్లలకు తొలిసారిగా ఊరట కలిగించిన అమినోప్టెరిన్, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఆయన అజమాయిషీలోని ప్రయోగశాలల నుండే వచ్చాయి.

సుబ్బారావు మళ్లీ స్వదేశానికి రాలేదు. భార్య శేషగిరిని తిరిగి చూసుకోలేదు. ఆ విజయాలకు ఒక ఇల్లు కట్టిన మూల్యమది. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశారు. నోబెల్ బహుమతి రాలేదు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది.

మన మండలంలో గర్భిణులకు ఆరోగ్య కార్యకర్తలు ఇచ్చే రక్తపుష్టి మాత్రలో ఇనుముతోపాటు ఉండేది ఈ ఫోలిక్ ఆమ్లమే. రెండుసార్లు పరీక్ష తప్పిన కుర్రవాని శ్రమ ఆ విధంగా సోమందేపల్లి ఇళ్లకు కూడా చేరింది.

పట్టుదల ఒక్కటే ఆయనను గట్టెక్కించిందనుకుంటే పొరపాటు. తప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు చేయందించారు. కాశీ దారి పట్టిన పిల్లవాని చేత మళ్లీ పలక పట్టించారు. ఫీజు కట్టారు. ఓడ ఖర్చు భరించారు. ఈనాడు పది తప్పినవారికి సప్లిమెంటరీ పరీక్షలున్నాయి. ఓపెన్ స్కూలు ఉంది. వైద్య విద్య ప్రవేశానికి రాసే నీట్ పరీక్షకు గరిష్ఠ వయోపరిమితిని 2022లో ఎత్తివేశారు. దారులు సుబ్బారావు కాలం కంటే ఎక్కువే. బస్సెక్కబోయే పిల్లవానిని ఆపి, ఇంకొకసారి రాయమని ఫీజు చేతిలో పెట్టే పెద్దలు ప్రతి ఊరిలో ఉండాలి.