పేగుల వ్యాధికి మందు వెతికిన మన తెలుగువాడు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు



మన పేటల్లో మగ్గాల చప్పుడుతో పాటు కోళ్ల కూతలు, మేకల అరుపులు కూడా వినబడతాయి. వాటికి పారుడు పట్టగానే ఇంట్లో మిగిలిన యాంటిబయాటిక్ గోళీని నీళ్లలో కలిపి తాపించే అలవాటు కొందరికి ఉంది. అలాంటి మందుల వెనుక ఒక తెలుగువాడి కష్టం ఉందని మీకు తెలుసా?

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి: ఆయన మెట్రిక్ పాసైంది మూడోసారికి. తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టినందుకు ఒక ప్రొఫెసరుకు కోపం వచ్చింది. చివరికి ఎం.బి.బి.ఎస్. కాకుండా దానికంటే చిన్నదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటికి రావాల్సి వచ్చింది.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. తోబుట్టువులు ఇద్దరు స్ప్రూ అనే పేగుల వ్యాధితో చనిపోయారు. ఈ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు, మనిషి చిక్కి శల్యమవుతాడు. అప్పట్లో దానికి సరైన మందు లేదు.

ఆ తర్వాత ఆయన అమెరికా వెళ్లారు. ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు. రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని సైరస్ ఫిస్క్‌తో కలిసి కనిపెట్టారు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరి పరిశోధనలకు పెద్ద అయ్యారు. అక్కడి బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. ఆయన దగ్గరే బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటి మందు. 1948లో అది లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులోనే, 53 ఏళ్లకే, సుబ్బారావు గారు కన్నుమూశారు. మళ్లీ సొంతగడ్డ మీద అడుగు పెట్టనే లేదు. నేడు స్ప్రూకి డాక్టర్లు ఇచ్చేది ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. ఈ రెండు దారులూ ఆయన ప్రయోగశాల నుంచే మొదలయ్యాయి.

ఈ మందు పేగులో ఎలా పనిచేస్తుంది? నోటిద్వారా ఇస్తే కొంత రక్తంలోకి ఎక్కుతుంది, మిగతాది పేగులోనే ఉండి అక్కడి బ్యాక్టీరియాను తాకుతుంది. రక్తంలోకి పోయినదానిలో కొంత పైత్యరసంతో కలిసి మళ్లీ పేగుకే చేరుతుంది. పాలతో ఇస్తే మాత్రం అందులోని కాల్షియం మందును పట్టేసుకుంటుంది, రక్తంలోకి ఎక్కేది తగ్గిపోతుంది. బ్యాక్టీరియా లోపల ప్రొటీన్లు నేసే చిన్న మగ్గాలు ఉంటాయనుకోండి. ఈ మందు ఆ మగ్గానికి పేక నూలు అందకుండా చేస్తుంది. గుడ్డ పెరగదు, బ్యాక్టీరియా పెరగదు. మిగతా పని ఒంట్లోని శక్తి చూసుకుంటుంది.

కానీ మేకకు గడ్డి అరిగించేది పొట్టలోని మంచి సూక్ష్మజీవులే. పెద్ద మేకకు నోట్లో ఈ మందు పోస్తే అవీ దెబ్బతింటాయి, మేత మానేస్తుంది. అందుకే పశువుల డాక్టరు చాలాసార్లు ఇంజెక్షన్ వేస్తారు. పైగా అన్ని పారుళ్లూ బ్యాక్టీరియా వల్ల రావు. నులిపురుగులు, వైరస్‌లు కారణమైతే యాంటిబయాటిక్ ఏమీ చేయదు.

సుబ్బారావు గారు పోయాక అదే లెడర్లీలో ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెడితే తొందరగా పెరిగాయి. దాంతో జబ్బు లేకపోయినా దాణాలో మందు కలపడం దేశదేశాలకు పాకింది. కొద్దికొద్దిగా మందు తిన్న బ్యాక్టీరియా దానికి లొంగకుండా తయారైంది. అవి గుడ్లు, మాంసం, పెంట, మురుగునీళ్ల ద్వారా మన పిల్లల దాకా వస్తాయి. అందుకే యూరప్ 2006లో పెరుగుదల కోసం యాంటిబయాటిక్స్ కలపడాన్ని ఆపింది. మన దేశం కూడా 2019లో కొలిస్టిన్ అనే మందును కోళ్లకు, పశువులకు వాడకుండా నిషేధించింది.

కాబట్టి తల్లిదండ్రులారా, జీవాలకు పారుడు పడితే ముందు శుభ్రమైన నీళ్లు బాగా తాగనివ్వండి, పశువుల దవాఖానాకు తీసుకెళ్లండి. డాక్టరు రాసిన మందును చెప్పినన్ని రోజులూ వేయండి. ఆ రోజుల్లో, ఆ తర్వాత ఆయన చెప్పిన గడువు వరకు పాలు, గుడ్లు ఇంట్లో వాడకండి. పిల్లలూ, ఒకసారి ఫెయిలైతే బెంగపడకండి. మూడోసారి పాసైన మనిషి సాధించినదాన్ని పోగొట్టకుండా కాపాడటం ఇక మీ వంతు.

— ప్రధానోపాధ్యాయులు