మూడు పెన్నీల వైద్యుడు

ఒక విషయం జనానికి అందకూడదంటే దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేయక్కర్లేదు. వాళ్లకు రాని భాషలో రాస్తే సరిపోతుంది. దాదాపు 400 ఏళ్ల కిందట లండన్‌లో వైద్యం పరిస్థితి ఇదే. మందుల పుస్తకం లాటిన్‌లో, డాక్టరు రాసే చీటీ లాటిన్‌లో, యూనివర్సిటీ చదువు లాటిన్‌లో. జబ్బులు మాత్రం ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లకే వచ్చేవి.

ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియంలో చదివిన మనకు ఇది వినడానికే వింతగా ఉంటుంది. ఇంగ్లిష్ పెద్ద చదువులకు పనికిరాదని ఇంగ్లండ్‌లోనే అనుకున్న రోజులున్నాయి. ఆ రోజుల్లో ఆ తాళం పగలగొట్టిన మనిషి నికొలస్ కల్పెపర్. బతికింది 37 ఏళ్లే. అతని మొక్కల పుస్తకం మాత్రం ఇప్పటికీ అచ్చవుతూనే ఉంది.

అతనికి ముందు

మొక్కల గురించి ఇంగ్లిష్‌లో మొదట రాసింది కల్పెపర్ కాదు. అతనికి వందేళ్ల ముందు విలియం టర్నర్ అనే ఆయన ఉన్నాడు. ఆయన కేంబ్రిడ్జ్‌లో చదివే రోజుల్లో ఒక మామూలు మొక్క పేరు గ్రీకులో గానీ, లాటిన్‌లో గానీ, ఇంగ్లిష్‌లో గానీ సరిగ్గా చెప్పగలిగినవాళ్లు అక్కడ దొరకలేదట. అందుకని ఆయనే పొలాల వెంట, నదుల వెంట తిరిగి మొక్కల్ని చూసి, వాటికి జనం వాడే పేర్లు సేకరించాడు. 1551లో ఆయన హెర్బల్ మొదటి భాగం వచ్చింది. మొత్తం పూర్తయ్యింది 1568లో. బ్రిటిష్ వృక్షశాస్త్రానికి ఆయన్ని పితామహుడంటారు. వైద్యం ఇంగ్లిష్‌లో రాయడమేంటని అడిగేవాళ్లకు ఆయన దగ్గర మంచి జవాబే ఉంది. పాత గ్రీకు వైద్యుడు డయాస్కొరిడిస్ రాసింది తన సొంత భాషలోనే కదా!

తర్వాత 1597లో జాన్ గెరార్డ్ హెర్బల్ వచ్చింది. పెద్ద సైజు, వందల బొమ్మలు, బరువైన పుస్తకం. డబ్బున్నవాళ్ల ఇంట్లో బల్ల మీద ఉంటుంది. జ్వరంతో పడుకున్న కూలీ ఇంటికి ఆ పుస్తకం ఎలా వెళ్తుంది? భాష సమస్య కొంత తీరింది, ధర సమస్య అలాగే ఉంది. కల్పెపర్ కథ మొదలయ్యేది ఇక్కడే.

తాతగారి ఇల్లు, కేంబ్రిడ్జ్, పిడుగు

కల్పెపర్ 1616లో పుట్టాడు. పుట్టడానికి కొద్ది రోజుల ముందే తండ్రి చనిపోయాడు. తల్లి అతన్ని తీసుకుని ససెక్స్‌లోని ఇస్‌ఫీల్డ్ అనే ఊళ్లో పుట్టింటికి వెళ్లిపోయింది. తాతగారు విలియం ఆటర్సోల్ అక్కడ చర్చి మతగురువు. చాలా స్ట్రిక్ట్ మనిషి. మనవడికి లాటిన్, గ్రీకు దగ్గర కూర్చోబెట్టి నేర్పించాడు. కుర్రాడు తాతగారి పుస్తకాలతో పాటు ఊరి చుట్టూ ఉన్న మొక్కల్ని కూడా చదువుకున్నాడు.

16 ఏళ్లకి కేంబ్రిడ్జ్‌కి పంపారు. మతగురువు కావాలని ఇంట్లోవాళ్ల ఆశ. కల్పెపర్‌కేమో వైద్యం మీద మనసు. (ఈ సీన్ మనకు బాగా తెలిసిందే, బ్రాంచ్ పేర్లు మారాయంతే.) ఈలోగా ప్రేమ. అమ్మాయిది బాగా ఉన్న కుటుంబం, వాళ్లు ఒప్పుకోరు. ఇద్దరూ రహస్యంగా పెళ్లి చేసుకుందామని బయలుదేరితే, దారిలో ఆ అమ్మాయి మీద పిడుగు పడి చనిపోయిందని అతని తొలి జీవిత చరిత్రలో ఉంది. సినిమాలో పెడితే మనమే నమ్మం. ఏదైతేనేం, అతను డిగ్రీ లేకుండానే కేంబ్రిడ్జ్ వదిలేశాడు. తాతగారికి కోపం తగ్గలేదు. 1640లో ఆయన పోతూ ఈ మనవడికి రాసిచ్చింది 40 షిల్లింగులు.

డిగ్రీ లేదు కాబట్టి వైద్యుడు కాలేడు. ఇక మిగిలింది అపోతికరీ పని, అంటే మందులు నూరి, కలిపి అమ్మే కొట్టులో పని నేర్చుకోవడం. లండన్‌లో అప్రెంటిస్‌గా చేరాడు. మొదటి యజమాని దివాలా తీసి పారిపోయాడు. రెండో ఆయన చనిపోయాడు. అప్రెంటిస్‌షిప్ పూర్తి కాలేదు, లైసెన్స్ రాలేదు. అయితే ఆ కొట్టుల్లో అతని చేతికి ఒక పుస్తకం రోజూ తగిలేది. దాని పేరు ఫార్మకోపియా లాండినెన్సిస్.

సోర్స్ కోడ్ ఎవరి దగ్గర?

అప్పటి సిస్టమ్ అర్థమైతేనే కల్పెపర్ చేసిన పని విలువ తెలుస్తుంది. పైన కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ ఉండేది. లండన్‌లో ఎవరు వైద్యం చేయాలో నిర్ణయించేది వాళ్లే. వాళ్లు రోగిని చూసి, చీటీ రాసి, ఫీజు తీసుకునేవాళ్లు. కింద అపోతికరీలు ఆ చీటీ ప్రకారం మందు తయారు చేసి ఇచ్చేవాళ్లు. ఏ మందులో ఏమేం కలపాలో చెప్పే అధికారిక పుస్తకమే 1618లో కాలేజ్ వేసిన ఆ ఫార్మకోపియా. పూర్తిగా లాటిన్. పైగా అందులో తయారీ మాత్రమే ఉంది, ఏ మందు ఏ జబ్బుకో రాయలేదు. ఫంక్షన్లన్నీ ఇచ్చి డాక్యుమెంటేషన్ తీసేసినట్టు అన్నమాట.

పోనీ మందులు చవకా అంటే, అదీ లేదు. చాలావాటికి సరుకు దూర దేశాల నుంచి రావాలి. నక్క ఊపిరితిత్తులు, ఈజిప్టు మమ్మీల ముక్కలు, యూనికార్న్ కొమ్ము అని అమ్మే వస్తువు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. పేదవాడికి వైద్యుడి ఫీజూ అందదు, మందు ధరా అందదు. మందు పనిచేస్తుందా లేదా అనేది ఇంకో ప్రశ్న.

స్పిటల్‌ఫీల్డ్స్ గుమ్మం

1640లో కల్పెపర్ ఆలిస్ ఫీల్డ్ అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఆమెకు వారసత్వంగా కొంత ఆస్తి వచ్చింది. ఆ డబ్బుతో లండన్ గోడల బయట స్పిటల్‌ఫీల్డ్స్‌లో ఇల్లు కట్టుకుని అక్కడే వైద్యం మొదలుపెట్టాడు. పేదల పేట అది. కొన్ని రోజులు పొద్దున్నే 40 మంది దాకా వచ్చేవాళ్లట. చాలామంది దగ్గర డబ్బు తీసుకునేవాడు కాదు, తీసుకున్నా కొద్దిగానే. మందులకు దూర దేశాల సరుకు వదిలేసి, చుట్టుపక్కల గట్ల మీద, కంచెల పక్కన దొరికే మొక్కలు వాడేవాడు.

లైసెన్స్ లేనివాడి దగ్గరికి ఇంతమంది వస్తుంటే ఎవరికో ఒకరికి మండుతుంది కదా. 1642లో అతని మీద మంత్రగాడని కేసు పెట్టారు. ఆ రోజుల్లో అది ప్రాణం మీదకి వచ్చే కేసు. నిర్దోషి అని తేలి బయటపడ్డాడు. మరుసటి ఏడు అంతర్యుద్ధంలో పార్లమెంటు తరఫున వెళ్లి, గాయపడ్డ సైనికులకు చికిత్స చేస్తూ తనే తుపాకి గుండు తిన్నాడు. ఆ దెబ్బ నుంచి అతని ఆరోగ్యం మళ్లీ పూర్తిగా కోలుకోలేదు.

ఇంటి విషయంలో కూడా సుఖం తక్కువే. ఏడుగురు పిల్లలు పుడితే అతని కంటే ఎక్కువ కాలం బతికింది ఒక్క కూతురే. తల్లుల కోసం, మంత్రసానుల కోసం 1651లో అతను ఒక పుస్తకం రాశాడు. పిల్లల్ని పోగొట్టుకున్న తండ్రి రాసిన పుస్తకం అది.

1649

1649 జనవరి 30న రాజు మొదటి చార్లెస్ తల నరికారు. రాజుల కాలం నాటి సెన్సార్ వ్యవస్థ అప్పటికే కూలిపోయింది. అంతకు ముందైతే అచ్చుకాని పుస్తకాలు ఇప్పుడు అచ్చవుతున్నాయి. అదే ఏడాది పీటర్ కోల్ అనే ప్రచురణకర్త, కల్పెపర్ చేత ఫార్మకోపియాకి ఇంగ్లిష్ అనువాదం వేయించాడు. పేరు ఎ ఫిజికల్ డైరెక్టరీ.

ఉన్నదున్నట్టు అనువదించి ఊరుకోలేదు కల్పెపర్. ఏ మందు దేనికో తానే రాశాడు. పనికిరానివి అనిపించిన చోట కాలేజ్ వాళ్లని మొహమాటం లేకుండా ఎగతాళి చేశాడు. జనాన్ని చీకట్లో ఉంచి డబ్బు చేసుకుంటున్నారని తిట్టాడు. మతం విషయంలో పూజారులు, చట్టం విషయంలో లాయర్లు ఏం చేస్తున్నారో వైద్యంలో వీళ్లూ అదే చేస్తున్నారన్నది అతని వాదన.

ఎదుటివాళ్లు ఊరుకుంటారా? రాజు పక్షం పత్రిక ఒకటి అతన్ని తాగుబోతు అంది, దేవుడి మీద నమ్మకం లేనివాడంది. కాలేజ్ 1650లో తన ఫార్మకోపియాని మార్చి కొత్తగా వేసింది. కల్పెపర్ దాన్ని కూడా అనువదించేశాడు. అక్కడ కొత్త వెర్షన్ రావడం, ఇక్కడ దాని ఇంగ్లిష్ రావడం.

గట్టు మీది మందులు

అసలు పుస్తకం 1652లో వచ్చింది. ది ఇంగ్లిష్ ఫిజీషియన్. తర్వాతి కాలంలో కల్పెపర్ హెర్బల్ అని పేరుపడింది ఇదే. ఇంగ్లండ్‌లో పెరిగే మొక్కలతోనే, మూడు పెన్నీల ఖర్చుతో ఎవరి వైద్యం వాళ్లు చేసుకోవచ్చని పేరులోనే చెప్పాడు. పెద్ద బొమ్మలు లేవు, బరువు లేదు.

పుస్తకం కూర్పు చూస్తే మన డేటాబేస్ టేబుల్‌లా ఉంటుంది. ప్రతి మొక్కకీ జనం వాడే పేర్లు, అది ఎలా ఉంటుంది, ఎక్కడ దొరుకుతుంది, ఎప్పుడు పూస్తుంది, దేనికి పనికొస్తుంది. అందరికీ తెలిసిన మొక్కకి వర్ణన రాయడు. నెటిల్ అని ఒక మొక్క ఉంది, ముట్టుకుంటే మన దూలగొండిలా మంట, దురద. దానికి వర్ణన ఎందుకు, చీకట్లో చెయ్యి పెట్టినా తెలిసిపోతుంది అన్నట్టు జోక్ చేసి వదిలేశాడు. డాండిలయాన్ మూత్రం సాఫీగా వచ్చేలా చేస్తుందని చెబుతూ, మధ్యలో మళ్లీ లండన్ వైద్యుల స్వార్థం మీద ఒక చురక.

1654 జనవరి 10న క్షయతో చనిపోయాడు. పుస్తకం మాత్రం ఆగలేదు. దొంగ ముద్రణలు వచ్చాయి, అతని పేరు పెట్టి వేరేవాళ్ల రాతలు కూడా అమ్మారు. సముద్రం దాటి వెళ్లినవాళ్లు దాన్ని వెంట తీసుకెళ్లారు. 1708లో బోస్టన్‌లో కూడా అచ్చయ్యింది.

అయితే అన్నీ కరెక్టా?

కాదు. ఇది కూడా చెప్పకపోతే కల్పెపర్‌ని భజన చేసినట్టే అవుతుంది.

అతను జ్యోతిషాన్ని గట్టిగా నమ్మాడు. ప్రతి మొక్కకీ ఒక గ్రహం. నెటిల్‌ది కుజుడు, కామ్‌ఫ్రేది శని. జబ్బు కూడా గ్రహాల లెక్కే. విరిగిన ఎముకలకు, లోపలి గాయాలకు కామ్‌ఫ్రే వేరుని లోపలికి తీసుకోమన్నాడు. దానిలో కాలేయాన్ని పాడుచేసే పదార్థాలున్నాయని ఇప్పుడు తెలుసు. ఫాక్స్‌గ్లవ్ అనే విషపు మొక్కని పుండ్లకు, గాయాలకు రాశాడు, దాని అసలు శక్తి గుండె మీద అని అతనికి తెలియదు. కాబట్టి ఎవరూ ఆ పుస్తకం డౌన్‌లోడ్ చేసి హాస్టల్‌లో కషాయాలు కాయకండి!

అతను చేయని పని పరీక్ష. ఆ పని తర్వాతివాళ్లు చేశారు. 1763లో ఎడ్వర్డ్ స్టోన్ అనే మతగురువు విల్లో చెట్టు బెరడు పొడి చేసి, దాదాపు 50 మంది జ్వరం రోగులకు ఇచ్చి, ఫలితం రాయల్ సొసైటీకి రాశాడు. ఆస్పిరిన్ కథలో అదొక ముఖ్యమైన మెట్టు. విలియం విదరింగ్ అనే డాక్టర్‌కి ష్రాప్‌షైర్‌లో ఒక ముసలావిడ ఒంటి నీరుకి వాడే ఇంటి మందు గురించి తెలిసింది. అందులో 20కి పైగా ఆకులు, వేర్లు. పనిచేసేది ఫాక్స్‌గ్లవ్ అని ఆయన గుర్తుపట్టి, మోతాదు తేల్చి, బాగుపడినవాళ్లతో పాటు బాగుపడనివాళ్ల కేసులు కూడా దాచకుండా 1785లో పుస్తకం వేశాడు. ఆ కుటుంబం మొక్క నుంచే వచ్చే డిగాక్సిన్ ఇప్పటికీ గుండె మందుగా వాడుతున్నారు.

గమనించండి, స్టోన్ రాసింది ఇంగ్లిష్‌లోనే, విదరింగ్ రాసిందీ ఇంగ్లిష్‌లోనే. అప్పటికి అదొక వింత కాదు. భాష మారినంత మాత్రాన తప్పు ఒప్పు అయిపోదు. కానీ తప్పుని చూడగలిగే కళ్లు పెరుగుతాయి. లాటిన్‌లో ఉన్న తప్పుని పట్టుకోవాలంటే ముందు లాటిన్ రావాలి, ఇంగ్లిష్‌లో ఉన్న తప్పుని మందుల కొట్టు కుర్రాడు కూడా పట్టుకోగలడు.

మనకేంటి?

నాకు కల్పెపర్‌లో నచ్చింది అతని వైద్యం కాదు. అతనికి లాటిన్ బాగా వచ్చు. ఆ తలుపు లోపలికి వెళ్లగలిగిన కొద్దిమందిలో అతను ఒకడు. లోపలికి వెళ్లి తలుపేసుకోవచ్చు, చాలామంది అదే చేశారు. అతను వెనక్కి తిరిగి తలుపు తీసిపెట్టాడు.

ఇప్పుడు ఆ లాటిన్ స్థానంలో మనకి ఇంగ్లిష్ ఉంది. డిశ్చార్జ్ సమ్మరీ, ఇన్సూరెన్స్ పాలసీ, బ్యాంకు లోన్ కాగితం, యాప్‌లో ఐ అగ్రీ పక్కన ఉండే పెద్ద వ్యాసం అన్నీ అందులోనే. మన ఇళ్లల్లో వాటి కింద సంతకం పెట్టేవాళ్లలో చాలామందికి అందులో ఏముందో తెలియదు. మనకు తెలుసు. రెండు భాషలూ తెలిసినవాళ్లం మనమే.

అందుకే నాదొక ప్రపోజల్. వచ్చే సంచిక నుంచి మన క్లబ్ తరఫున ఒక పేజీ పెడదాం. ఒక్కొక్కరు ఒక్కో కాగితం, ఒక్కో టాపిక్ తీసుకుని, అమ్మ చదివితే అర్థమయ్యే తెలుగులో రాయాలి. తెలుగు మాట దొరక్కపోతే వాడుకలో ఉన్న మాటే రాద్దాం, ఫర్వాలేదు. రాసింది తప్పైతే చదివినవాళ్లు చెప్తారు, దిద్దుకుందాం. మొదటి పేజీకి నేను డిశ్చార్జ్ సమ్మరీ తీసుకుంటున్నాను. మిగతావి మీ ఇష్టం.