పడమటి దీవులలో జాన్సన్

ఇంగ్లండు నడిబొడ్డున లిచ్‌ఫీల్డ్ అనే చిన్న పట్టణం ఉంది. ఆ ఊళ్లో మైకేల్ జాన్సన్ అనే పుస్తకాల వర్తకునికి 1709 సెప్టెంబరు 18న ఒక కుమారుడు జన్మించాడు. అతడే ఆంగ్లభాషకు మహానిఘంటువును సమకూర్చిన శామ్యూల్ జాన్సన్. పసితనంలో సోకిన గండమాల వ్యాధి అతని ముఖంమీద మచ్చలు మిగిల్చింది. ఒక కంటిచూపు దాదాపు పోయింది, వినికిడి తగ్గింది. అయినా తండ్రి దుకాణంలో చేతికందిన పుస్తకమల్లా చదివేవాడు.

ఒకనాడు తండ్రి ఆ బాలుని చేతిలో ఒక పుస్తకం పెట్టాడు. స్కాట్లండుకు పడమటగా సముద్రంలో హెబ్రిడిస్ అనే దీవులు చాలా ఉన్నాయి. వాటిని గురించి ఆ దీవులలోనే పుట్టిన మార్టిన్ మార్టిన్ రాసిన గ్రంథం అది. ఆ దీవులను కళ్లారా చూడాలనే కోరిక ఆనాడే బాలుని మనసులో నాటుకుంది. అది నెరవేరేసరికి ఆయనకు అరవై మూడేళ్లు దాటాయి.

ఈ మధ్యకాలమంతా పేదరికంతో పోరాటమే. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో చేరాడు గాని డబ్బులేక ఏడాది పైచిలుకుకే చదువు మానుకోవలసి వచ్చింది. అక్కడ ఉండగా ఆయన బూట్లు చిరిగి వేళ్లు బయటికి కనిపించేవట. అది చూసి జాలిపడి ఎవరో గది గుమ్మం దగ్గర కొత్త బూట్ల జత పెట్టి వెళితే, జాన్సన్ వాటిని విసిరికొట్టాడు. తరువాత సొంతంగా బడి పెట్టాడు. పిల్లలు ఎక్కువమంది చేరలేదు. 1737లో పొట్టచేత పట్టుకొని లండను చేరి, పత్రికలకు రాస్తూ కాలం గడిపాడు. 1746లో నిఘంటువు పని చేపట్టాడు. నలభై వేలకు పైగా మాటలకు అర్థాలు రాసి, ఏ మాటను ఏ రచయిత ఎలా వాడాడో చూపే ప్రయోగాలను లక్షకు మించి ఏరి కూర్చాడు. ఆ గ్రంథం 1755లో వెలువడింది. దాన్ని చూడవలసిన భార్య అంతకు మూడేళ్ల ముందే కన్నుమూసింది.

ఈ నిఘంటువులో ఒక చమత్కారం ఉంది. ఓట్స్ అనే ధాన్యానికి అర్థం రాస్తూ, ఇంగ్లండులో గుర్రాలు తినే ఆ గింజలే స్కాట్లండులో మనుషులకు ఆహారమని జాన్సన్ ఎత్తిపొడిచాడు. స్కాట్లండువారంటే ఆయనకు చిన్నచూపు ఉండేది. సమయం దొరికితే వాళ్లమీద ఒక విసురు విసరకుండా ఉండలేకపోయేవాడు. విచిత్రమేమంటే, నిఘంటువు పనిలో ఆయనకు సాయపడిన ఆరుగురు లేఖకులలో అయిదుగురు స్కాట్లండువారే! ఆయన చరిత్రను లోకానికి అందించిన జేమ్స్ బాస్వెల్‌దీ ఆ దేశమే. వారిద్దరికీ 1763లో లండనులో ఒక పుస్తకాల దుకాణంలో పరిచయమయింది. అప్పటికి బాస్వెల్‌కు ఇరవై రెండేళ్లు, జాన్సన్‌కు యాభై మూడు. దీవుల యాత్ర మాట ఆ ఏడాదే వారి మధ్య వచ్చింది. పదేళ్లు మాటలతోనే గడిచింది. చివరకు 1773 ఆగస్టు 18న ఇద్దరూ ఎడింబరో నగరం నుంచి బయలుదేరారు. దారి చూపే బాధ్యత, బసలు కుదిర్చే బాధ్యత బాస్వెల్‌దే.

ఆ కాలంలో అటువంటి యాత్ర ఎవరూ వేడుకకోసం చేసేవారు కాదు. ఇన్వర్నెస్ పట్టణం దాటి కొంతదూరం పోతే బండి నడిచే బాట లేదు. అక్కడ నాలుగు గుర్రాలు కుదుర్చుకున్నారు. మూడింటిమీద జాన్సన్, బాస్వెల్, అతని సేవకుడు జోసెఫ్ ఎక్కారు. నాలుగోదానిమీద పెట్టెలు కట్టారు. ఆ కొండసీమకు చెందిన ఇద్దరు మనుషులు దారి చూపుతూ పక్కన నడిచారు. జాన్సన్ భారీ మనిషి. ఆయన వేసుకున్న పొడుగాటి కోటు జేబుల్లో నిఘంటువు రెండు సంపుటాలూ పట్టేటట్టు ఉన్నాయని బాస్వెల్ వేళాకోళంగా రాసుకున్నాడు. చేతిలో పెద్ద ఓక్ కర్ర. అడుగుకూ గజానికీ గుర్తుగా దానికి మేకులు కొట్టించుకున్నాడు. కనిపించిన ప్రతిదాన్నీ కొలిచి చూడడం ఆయన అలవాటు.

నెస్ సరస్సు ఒడ్డున వారికి ఒక గుడిసె కనిపించింది. గోడలకు మట్టి అతుకు లేదు, రాతిమీద రాయి పేర్చినవే. పొయ్యి పొగ పోవడానికి కప్పులో ఒక కంత. లోపల ఒక ముసలమ్మ కుండలో మేకమాంసం ఉడికిస్తున్నది. ఆమెకు ఆంగ్లం కొద్దిగానే తెలుసు. ఆ సీమ భాష గేలిక్. నిఘంటుకర్త తనకు తెలిసిన వేలకొద్దీ మాటలను పక్కనపెట్టి దుబాసీమీద ఆధారపడవలసి వచ్చింది. ఆమెకు అరవై మేకలున్నాయి, కొద్దిగా బంగాళదుంపల తోట ఉంది. ప్రార్థనకోసం ప్రతి ఆదివారం ఎనిమిది మైళ్లు నడిచి వెళుతుందని తెలిసి జాన్సన్ ఆశ్చర్యపోయాడు. వెళ్లేముందు ఒక షిల్లింగు ఇచ్చారు. ఆమె దానితోపాటు కొంచెం నశ్యం ఇమ్మని అడిగింది.

మర్నాటి ప్రయాణంలో గ్లెన్‌మారిస్టన్ లోయలోని పూటకూళ్ల ఇంట్లో రాత్రి బసచేశారు. ఆ ఇంటి యజమాని కూతురు వారికి తేనీరు పోసి ఇచ్చింది. ఆమె మర్యాదకు సంతోషించి జాన్సన్ దారిలో కొనుక్కున్న లెక్కల పుస్తకం బహూకరించాడు. ఇంత పండితుడు లెక్కల పుస్తకం వెంట పెట్టుకోవడమేమిటని తరువాత అందరూ నవ్వారు. కథల పుస్తకం ఒకసారి చదివితే అయిపోతుంది, లెక్కల పుస్తకం ఎన్నాళ్లయినా తరగదని ఆయన సమాధానం.

ఆ రాత్రి ఆ యజమాని చెప్పిన సంగతులు మాత్రం నవ్వదగినవి కావు. పాతికేళ్ల కిందట అయిదు పౌన్లుగా ఉన్న తన పొలం కౌలు ఇరవై పౌన్లకు పెరిగిందన్నాడు. పది పౌన్లయితే కట్టి బతకగలను, అంతకుమించి నావల్ల కాదన్నాడు. ఆ ఒక్క లోయనుంచే డెబ్బైమంది అమెరికాకు వెళ్లిపోయారు. వచ్చే ఏడు తానూ వెళ్లాలనుకుంటున్నాడు.

దీనికి కారణం తెలియాలంటే కొంత వెనక్కి వెళ్లాలి. 1745లో చార్లెస్ ఎడ్వర్డ్ అనే రాకుమారుడు సింహాసనం తన తండ్రిదంటూ కొండసీమవారిని కూడగట్టి తిరుగుబాటు చేశాడు. 1746లో కల్లోడెన్ యుద్ధంలో ఓడిపోయాడు. అప్పటినుంచి ప్రభుత్వం ఆ సీమవారి ఆయుధాలు లాగేసుకుంది. వారి గళ్లబట్టల వేషాన్ని కూడా చట్టంచేసి నిషేధించింది. వంశపెద్దలకు తరతరాలుగా ఉన్న అధికారాలు పోయాయి. అంతకుముందు వంశపెద్దకు ఎంతమంది మనుషులుంటే అంత బలం, కౌలు తక్కువైనా ఫరవాలేదు. ఇప్పుడు మనుషులతో పనిలేదు, డబ్బుతోనే పని. తండ్రివంటి దొరలు క్రమంగా వడ్డీవ్యాపారులవంటి భూస్వాములయ్యారు. ఇదంతా విన్న మర్నాడు మధ్యాహ్నం ఒక వాగు పక్క గట్టుమీద కూర్చొని ఉండగానే, ఈ యాత్రను గ్రంథంగా రాయాలనే ఆలోచన జాన్సన్‌కు మొదటిసారి కలిగింది.

అదేనాటి సాయంకాలం రాటకన్ కొండ దిగుతూ ఉంటే గుర్రం తడబడింది. కళ్లెం పట్టిన కొండమనిషి పెద్దాయనకు భయం పోగొడదామని, అటు చూడండి మేకలు ఎంత బాగున్నాయో అంటూ ఈలవేసి వాటిని గంతులు వేయించాడట, చంటిపిల్లవాణ్ణి లాలించినట్టు! బాస్వెల్‌కు నవ్వు ఆగలేదు. ఆ రాత్రి గ్లెనెల్గ్‌లోని బసలో మంచం లేక, ఎండుగడ్డిమీద కోటు తొడుక్కునే జాన్సన్ పడుకున్నాడు.

సెప్టెంబరు 2న పడవమీద స్కై దీవికి చేరారు. వానలూ గాలులూ వారిని ఆ చుట్టుపట్లనే నెలరోజులు నిలిపివేశాయి. జాన్సన్ విసుక్కోలేదు. అరవై నాలుగో పుట్టినరోజు అక్కడి డన్వెగన్ కోటలో గడిచింది. మరొక ఇంట్లో ఫ్లోరా మెక్‌డొనాల్డ్ వారికి ఆతిథ్యమిచ్చింది. ఓడిపోయి పారిపోతున్న రాకుమారుణ్ణి ఆడవేషంలో పడవ ఎక్కించి దాటించిన సాహసి ఆమె. రాకుమారుడు ఆనాడు నిద్రించిన పడకమీదనే జాన్సన్‌కు పక్క వేశారు. అంతటి కుటుంబమే మరుసటి సంవత్సరం అమెరికాకు వలస వెళ్లింది. దీవిలో కొత్తగా ఒక నాట్యం పుట్టింది. ఒక జంట తిరగడం మొదలుపెడితే చూసినవాళ్లు ఒక్కొక్కరే కలిసి, చివరకు అందరూ తిరుగుతారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు అమెరికా.

స్కై దీవికి ఉత్తరంగా లూయిస్ అనే దీవి ఉంది. యాత్రికులు అంతదూరం వెళ్లలేదు. అప్పటికి ఆ దీవి యువకుడైన కాలిన్ మెకంజీకి సుమారు ఇరవై ఏళ్లు. అతడూ స్వదేశం విడిచాడు, కాని అమెరికాకు కాదు. 1783లో మద్రాసుకు వచ్చాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో మన గ్రామాల కైఫీయతులను సేకరించిన మెకంజీ దొర ఇతడే.

అక్టోబరు 3న పడవ ఎక్కి మల్ దీవికి వెళుతుంటే తుఫాను పట్టుకుంది. కాల్ అనే దీవికి వారసుడైన డొనాల్డ్ మక్లీన్ అనే యువకుడు వారికి మార్గదర్శిగా ఉన్నాడు. భయంతో కంపించిపోతున్న బాస్వెల్ తానేమి చేయాలని అడిగితే, ఆ యువకుడు ఒక తాడు చేతికిచ్చి చెప్పేదాకా వదలవద్దన్నాడు. బాస్వెల్ దాన్ని గట్టిగా పట్టుకొని నిలబడ్డాడు. ఆ తాడువల్ల పడవకు ఉపయోగం లేదని, తన భయం మరపించడానికే అది ఇచ్చాడని తరువాత అర్థమయింది. కింద జాన్సన్ మాత్రం వీపుకు వెచ్చగా వేటకుక్కను ఆనించుకొని నిశ్చింతగా పడుకున్నాడు. గాలి వారిని కాల్ దీవికే తోసింది. ఆ యువకుడు ఇంగ్లండు వెళ్లి సేద్యం నేర్చుకొని వచ్చి, తన దీవిలో కొత్త పంటలు వేయించాడు. కౌలుదార్లను వెళ్లగొట్టకుండానే భూమిని బాగుచేయవచ్చునని అతని నమ్మకం. జాన్సన్‌కు అతడంటే ఎంతో ఇష్టం కలిగింది. మరుసటి ఏడాదే ఆ యువకుడు అక్కడి సముద్రంలోనే పడవ మునిగి మరణించాడు.

మల్ దీవిలో ఓక్ కర్ర పోయింది. చెట్లులేని ఆ దీవిలో అంత కలప దొరికినవాడు తిరిగి ఇవ్వడని జాన్సన్ ఆశ వదులుకున్నాడు.

అక్టోబరు 19 రాత్రి అయోనా దీవికి చేరారు. పడవ ఒడ్డుదాకా రాలేదు. మనుషులు వారిని ఎత్తుకొని నీళ్లు దాటించారు. గడ్డికొట్టంలో పడుకున్నారు. 563లో కొలంబా అనే సాధువు ఐర్లండు నుంచి వచ్చి ఆ చిన్న దీవిలో మఠం స్థాపించాడు. స్కాట్లండుకు మతమూ విద్యా అక్కడినుంచే వ్యాపించాయి. పొద్దున లేచి జాన్సన్ శిథిలాలమధ్య తిరిగాడు, గోడలు కొలిచాడు. ఒకనాడు దేశమంతటికీ చదువు నేర్పిన ఆ దీవిలో అప్పుడు బడి లేదు. చదవగలవాడుగాని రాయగలవాడుగాని ఒక్కడూ లేడు. ఆంగ్లం మాట్లాడగలవారు ఇద్దరే.

నవంబరు 9న ఎడింబరోకు తిరిగి వచ్చారు. మొత్తం ఎనభై మూడు రోజుల యాత్ర. జాన్సన్ గ్రంథం 1775లో వెలువడింది. తిరుగుబాట్లు రాకుండా చేయడానికి మనుషులనే లేకుండా చేయడం రాజనీతి కాదని అందులో నిర్మొహమాటంగా రాశాడు. గేలిక్ విషయంలో ఆయన వైఖరి ఒకవిధంగా గొప్పది, ఒకవిధంగా లోపమున్నది. ఆ భాషలోకి బైబిలు తర్జుమా చేస్తే జనం ఆంగ్లం నేర్చుకోరని కొందరు పెద్దలు అడ్డుపడినప్పుడు, మనుషులకు వారి భాషలో జ్ఞానం అందకుండా చేయడం పాపమని 1766లోనే వాదించినవాడు జాన్సన్. అయితే ఆ భాషలో నూరేళ్లకు పూర్వపు వ్రాతప్రతి ఒక్కటి కూడా లేదని యాత్రాగ్రంథంలో రాసేశాడు. అది పొరపాటు. పదహారవ శతాబ్దపు తొలిభాగంలో లిస్మోర్ చర్చి పెద్ద సంకలనం చేయించిన గేలిక్ పద్యాల ప్రతి ఉన్నది. భాష తనకు రాదని ఒప్పుకున్న మనిషి, ఆ భాషలో ఏమి లేదో అంత గట్టిగా చెప్పకుండా ఉండవలసింది. కొండసీమవారికి ఈ మాటమీద కోపం వచ్చింది, అది న్యాయమైన కోపమే.

వేషంమీది నిషేధం 1782లో తొలగింది. జాన్సన్ 1784 డిసెంబరు 13న లండనులో మరణించాడు. తన ఆస్తిలో అధికభాగం, జమైకాలో బానిసగా పుట్టి తన ఇంట పెరిగిన ఫ్రాన్సిస్ బార్బర్‌కు రాసిపెట్టాడు. జీవితంలోకెల్లా ఆనందంగా గడిచిన రోజులు దీవులలోనివేనని చెప్పుకునేవాడు. మరుసటి ఏడాది బాస్వెల్ కూడా ఆ యాత్రను గురించి తన పుస్తకం ప్రచురించాడు. తాడు సంగతి, మేకల సంగతి మనకు తెలిసింది అందులోనుంచే. ఈ రెండు పుస్తకాలనూ ఇప్పుడు తరచుగా ఒకే సంపుటంగా అచ్చువేస్తున్నారు.